గుండె లయ మాత్ర మార్చేటప్పుడు: పాతది ఆపాక మొదలయ్యే పని

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గుండె రోగుల ఫైలు తెరిస్తే చాలావాటిలో రెండు ఊళ్ల చీటీలు కనిపిస్తాయి. పెద్ద డాక్టరుకు చూపించుకున్నది వేలూరు సీఎంసీలోనో చెన్నైలోనో. నెలనెలా చూసేది తిరుపతి స్విమ్స్, రుయాల్లోనో, దగ్గర్లోని క్లినిక్‌లోనో. కుప్పం, పలమనేరు వైపువాళ్ల ఫైల్లో బెంగళూరు కాగితాలు కూడా చేరతాయి. బీపీ మాత్ర మారినప్పుడు ఈ ఏర్పాటు వల్ల పెద్ద చిక్కేమీ రాదు. గుండె లయ మాత్ర మారినప్పుడు మాత్రం వస్తుంది. పాత మందు ఇంకా ఒంట్లో ఉండగానే కొత్త మందు వచ్చి చేరే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. ఆ రోజులేమో పెద్ద ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యాక, ఊళ్లో డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్లకముందు గడిచిపోతాయి.

"మాత్ర మార్చినారు గదా, ఇంక పాతది పారేస్తే సరిపోతాది" అనుకోవడం సహజం. కానీ పారేసింది స్ట్రిప్పునే, ఒంట్లో ఉన్న మందు అక్కడే ఉంటుంది.

'దడ మాత్ర' అని ఒకే పేరుతో పిలిచేవాటిలో రెండు జాతులున్నాయి. మెటోప్రొలోల్, బిసోప్రొలోల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిగాక్సిన్ ప్రధానంగా గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం లేకుండా అదరడం) అలాగే ఉన్నా నిమిషానికి 140 సార్లు కొట్టుకునే గుండెను 80కి దించుతాయి. అమియోడరోన్, సోటలాల్, ఫ్లెకైనైడ్, ప్రొపాఫెనోన్, డ్రోనెడరోన్ మాత్రం లయనే సరిచేయడానికి, సరైన లయను నిలబెట్టడానికి ఇచ్చేవి. ఈ రెండో జాతి మందులన్నిటికీ ఒక విచిత్రమైన గుణం ఉంది: లయను సరిచేసే మందే మోతాదు మించితే, లేదా తగని గుండెలో పడితే కొత్తగా లయ తప్పిస్తుంది. 1989లో వెలువడిన క్యాస్ట్ (CAST) అనే అధ్యయనం ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది. గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లలో అదనపు కొట్టుకోళ్లను ఆపడానికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఇచ్చారు. కొట్టుకోళ్లు తగ్గాయి, మరణాలు మాత్రం పెరిగాయి. అందుకే గుండెపోటు చరిత్ర, గుండె బలహీనత ఉన్నవాళ్లకు నేటికీ ఫ్లెకైనైడ్ ఇవ్వరు. అప్పటిదాకా ఫ్లెకైనైడ్ మీద బాగానే ఉన్న మనిషికి గుండెపోటు వస్తే ఆ రోజే దాన్ని ఆపాలి.

మార్పుకు కారణాలు ఎన్నో ఉండవు. మందు పనిచేయకపోవడం ఒకటి, పనిచేస్తూనే థైరాయిడ్‌నో ఊపిరితిత్తులనో లివర్‌నో దెబ్బతీయడం ఇంకొకటి. ఎకోలో ఈఎఫ్ (గుండె రక్తాన్ని తోసే శక్తి) పడిపోవడం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం, గర్భం కోసం ప్రయత్నించడం మరికొన్ని. కారణం ఏదో తెలిస్తేనే ఎంత వేగంగా మార్చాలో తేలుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటుంటే ఆగడానికి లేదు. దడ పూర్తిగా తగ్గడం లేదన్నదే ఫిర్యాదైతే వారం ఆగినా నష్టం లేదు.

ఎన్నాళ్లు ఆగాలి

రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. సోటలాల్‌కు అది దాదాపు 12 గంటలు, ఫ్లెకైనైడ్‌కు 20 గంటల చుట్టుపక్కల, డిగాక్సిన్‌కు 36 నుంచి 48 గంటలు. ప్రొపాఫెనోన్ చాలామందిలో 2 నుంచి 10 గంటల్లో సగమవుతుంది, పుట్టుకతోనే దాన్ని నెమ్మదిగా అరిగించే కొద్దిమందిలో 30 గంటల దాకా పట్టవచ్చు. ఒక లయ మందు నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు పాతదానికి రెండు నుంచి నాలుగు అర్ధాయువులు గడవనివ్వడం సాధారణ పద్ధతి. అంటే ఫ్లెకైనైడ్ ఆపాక రెండు మూడు రోజులు, సోటలాల్ ఆపాక ఒకటిన్నర రోజు. ఈ ఖాళీ రోజుల్లో దడ తిరగబెడితే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. గతంలో వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన దడ) వచ్చినవాళ్లకు ఈ ఖాళీ ఇంట్లో గడపదగింది కాదు, ఆసుపత్రి మంచం మీద మానిటర్ కిందే గడవాలి. ఇంకో సంగతి, సోటలాల్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. అది మెటోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్ కూడా కాబట్టి, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లలో ఠక్కున ఆపితే గుండె నొప్పి, వేగం ఎగదన్నుతాయి. వారం రెండు వారాల్లో మెట్లుగా తగ్గించాలి.

ఈ లెక్కలన్నీ అమియోడరోన్ దగ్గర చెల్లవు.

అమియోడరోన్: ఆపినా పోని మందు

అమియోడరోన్ కొవ్వులో, లివర్‌లో, ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది. ఎక్కువకాలం వాడినవాళ్లలో దాని అర్ధాయువు సగటున 58 రోజులు. ఒక్కొక్కరిలో 15 రోజుల నుంచి 142 రోజుల దాకా తేడా ఉంటుంది. సగటు లెక్కనే తీసుకున్నా మూడు అర్ధాయువులంటే దాదాపు ఆరు నెలలు. అన్నాళ్లు ఏ మందూ లేకుండా ఆగడం చాలామందికి కుదరదు. అందుకే ఇక్కడ రోజులు లెక్కపెట్టడం కంటే ఈసీజీ చూసి నిర్ణయించడం నయం. సోటలాల్‌కు మారాలంటే అమియోడరోన్ వల్ల పొడవైన క్యూటీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధం కావడానికి పట్టే కాలం, ఈసీజీలో కొలిచేది) మామూలు స్థితికి వచ్చేదాకా మొదలుపెట్టకూడదు. ఫ్లెకైనైడ్‌కు మారాలంటే, అది అరగకుండా అమియోడరోన్ లివర్‌లో అడ్డుపడుతుంది కాబట్టి, మామూలు మోతాదులో సగంతోనే మొదలవుతుంది. అమియోడరోన్ ఒంట్లోంచి దిగేకొద్దీ అదే సగం మోతాదు చాలకుండా పోతుంది. మొదటి నెలలో సరిపోయిన మాత్ర నాలుగో నెలలో పనిచేయలేదంటే మందు నాసిరకమని కాదు, నీడనిచ్చిన పాత మందు వెళ్లిపోయిందని.

ఎంత వాడారన్నది కూడా లెక్కే. రెండు వారాలు వాడి ఆపినవాళ్లకు త్వరగానే దిగుతుంది, రెండేళ్లు వాడినవాళ్లకు దిగదు. ఇక్కడే చీటీ చదవడంలో జరిగే ఒక పొరపాటు గురించి చెప్పాలి. అమియోడరోన్ 200 మి.గ్రా. మాత్ర మొదటి వారం 1-1-1, రెండో వారం 1-0-1, తర్వాత రోజుకొకటి అన్నది వాడుకలో ఉన్న క్రమం. తొలి రెండు వారాల్లో మొత్తం 7 గ్రాముల మందు ఒంట్లోకి వెళ్తుంది. మందుల షాపులో పాత చీటీ పైవరుస ఒక్కటే చూసి 1-1-1 లెక్కన మూడు నెలలు ఇస్తే అది 54 గ్రాములవుతుంది. క్రమం తప్పకుండా వాడి ఉంటే దాదాపు 22 గ్రాములు వెళ్లేది. '5/7' అన్న రాత కూడా అలాంటిదే. వారంలో ఐదు రోజులు వేసుకుని రెండు రోజులు మానమని దాని భావం. ఏ రెండు రోజులో చీటీ మీద తెలుగులో రాయించుకోవడం మంచిది.

200 మి.గ్రా. మాత్రలో సుమారు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. అందులో రోజుకు 6 మి.గ్రా. దాకా విడివడి రక్తంలోకి వస్తుంది. ఒంటికి రోజూ కావలసింది 150 మైక్రోగ్రాములే, అంటే అవసరానికి నలభై రెట్లు. థైరాయిడ్ మందగించడమో విజృంభించడమో ఇందువల్లే. మందు ఆపిన నెలల తర్వాత కూడా ఇది బయటపడవచ్చు. అప్పుడు దడ తిరిగొస్తే కొత్త మాత్ర పనిచేయడం లేదని మళ్లీ మార్చేస్తారు. ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించాలి. అమియోడరోన్ మానేశాక ఏడాది పాటు దడ పెరిగిన ప్రతిసారీ ఈ పరీక్ష గుర్తుకు రావాలి. మందు వాడుతున్నంతకాలం ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్, లివర్ ఎంజైములు చూడటం ఎలాగూ ఉంది. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. దాన్ని చలికాలపు దగ్గు కింద కొట్టిపారేయకూడదు.

రక్తం పలచబడే మాత్ర

లయ మందు మార్పులో నిజంగా ప్రాణం మీదికి వచ్చే తప్పులు ఎక్కువగా జరిగేది, గుండెలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ మాత్ర దగ్గర. మన దగ్గర రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం ఇరుకైనవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఇరుకు ఒక మోస్తరు దాటితే, లేదా లోహపు కవాటం అమర్చి ఉంటే, డాబిగాట్రాన్ లాంటి కొత్తరకం మాత్రలు వాడరు. వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్‌తోనే నెట్టుకురావాలి. మైట్రల్ కవాటం ఇరుకుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) లక్ష్యం 2 నుంచి 3.

అమియోడరోన్ మొదలైతే వార్ఫరిన్ ప్రభావం కొన్ని వారాల మీద పెరుగుతూ పోతుంది. మోతాదును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి వస్తుంది. ఇది డాక్టర్లందరికీ తెలిసిందే కాబట్టి మొదలుపెట్టినప్పుడు జాగ్రత్తపడతారు. ఆపినప్పుడు జరిగేది అంతగా గుర్తుండదు. అమియోడరోన్ నెలల మీద దిగిపోతుంటే, తగ్గించిన వార్ఫరిన్ మోతాదు మెల్లగా చాలకుండా పోతుంది. ఐఎన్‌ఆర్ 2.6 నుంచి 2.1కి, తర్వాత 1.6కి జారుతుంది. ఒంటికి ఏమీ తెలియదు. అది పెరిగి ముక్కులోంచి రక్తం కారితే భయపడి ఆసుపత్రికి పరిగెత్తుతారు. ఐఎన్‌ఆర్ తగ్గడానికి అలాంటి హెచ్చరిక ఉండదు, మొదటి హెచ్చరికే పక్షవాతం కావచ్చు. అందుకని మార్పు జరిగాక మొదటి ఆరు వారాలు వారం వారం, ఆపైన ఆరు నెలల దాకా కనీసం రెండు మూడు వారాలకోసారి ఐఎన్‌ఆర్ చూడాలి. ఈ పరీక్షకు వేలూరు వెళ్లనక్కర్లేదు. కాకపోతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించడం, తేదీ, ఐఎన్‌ఆర్, ఆ వారం వేసుకున్న మోతాదు మూడూ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాయడం అవసరం. ప్రొపాఫెనోన్ కూడా ఐఎన్‌ఆర్ పెంచుతుంది. అది ఆపినా ఇదే కథ, కాకపోతే నెలల్లో కాదు, రోజుల్లో.

డిగాక్సిన్ వాడుతున్నవాళ్లకు అమియోడరోన్ గానీ డ్రోనెడరోన్ గానీ మొదలైతే డిగాక్సిన్ సగం చేయాలి. వికారం, ఆకలి చచ్చిపోవడం, కళ్లకు పసుపుపచ్చగా కనిపించడం డిగాక్సిన్ ఎక్కువైందనడానికి గుర్తులు. డ్రోనెడరోన్ గురించి చెప్పాల్సింది తక్కువ. అందులో అయోడిన్ లేదు. 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు అన్నంతో పాటు వేసుకోవాలి. గుండె బలహీనత ముదిరినవాళ్లకు, ఫిబ్రిలేషన్ శాశ్వతంగా నిలిచిపోయినవాళ్లకు దాన్ని వాడకూడదు. డాబిగాట్రాన్‌తో కలపడం మంచిది కాదు.

బీపీ మాత్రలో దాగిన మెటోప్రొలోల్

ఒకే మెటోప్రొలోల్, మారిన లయ మందును బట్టి ఒకచోట తప్పనిసరి, ఇంకోచోట ప్రమాదం. ఫ్లెకైనైడ్, ప్రొపాఫెనోన్ మొదలుపెట్టేటప్పుడు వేగం తగ్గించే మందు పక్కన ఉండాలి. ఎందుకంటే పై గదులు నిమిషానికి 300 చొప్పున కదిలే ఏట్రియల్ ఫ్లట్టర్‌ను ఈ మందులు 200కి తగ్గిస్తాయి. 300 ఉన్నప్పుడు పై, కింది గదుల మధ్య ద్వారంలాంటి ఏవీ నోడ్ సగమే కిందికి వదిలేది. 200 అయ్యేసరికి మొత్తం వదిలేస్తుంది. దాంతో మాత్ర వేసుకున్నాకే గుండె మరింత పరిగెత్తి మనిషి సొమ్మసిల్లుతాడు. ఆ దారిని నెమ్మదింపజేసేది మెటోప్రొలోల్. అయితే ప్రొపాఫెనోన్, అమియోడరోన్ రెండూ మెటోప్రొలోల్‌ను అరగనివ్వవు కనుక, పాత మోతాదే ఇప్పుడు ఎక్కువై నాడి 45కి పడవచ్చు.

సోటలాల్ సంగతి వేరు. అదే బీటా బ్లాకర్ కాబట్టి మొదలుపెట్టిన రోజే మెటోప్రొలోల్ ఆగాలి. చీటీలో ఆపుతారు కూడా. మిగిలిపోయేది బీపీ మాత్రలోది. టెల్మిసార్టన్‌తోనో ఆమ్లోడిపిన్‌తోనో మెటోప్రొలోల్ కలిపిన మాత్రలు మన షాపుల్లో మామూలే. పేరు చూస్తే బీపీ మాత్ర, వెనకవైపు చిన్న అక్షరాల్లో మెటోప్రొలోల్. ఇలాంటి బీపీ మాత్రల్లోనే హైడ్రోక్లోరోథయజైడో క్లోర్‌థాలిడోనో కలిసిన మాత్రలు పొటాషియాన్ని తగ్గిస్తాయి. పొటాషియం తగ్గిన ఒంట్లో సోటలాల్ క్యూటీని సాగదీసి, టోర్సాడ్స్ అనే ప్రాణాంతకమైన లయకు దారితీస్తుంది. మొదలుపెట్టే ముందు పొటాషియం 4కు పైన, మెగ్నీషియం 2 మి.గ్రా.కు పైన ఉండేలా చూసుకోవడం ఇందుకే.

సోటలాల్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. రిపోర్టులో క్రియాటినిన్ 1.2 అని ఉంటే పర్వాలేదనుకుంటారు. 72 ఏళ్ల వయసు, 48 కిలోల బరువున్న ఆడమనిషికి ఆ అంకెతో లెక్క కడితే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీలు వడకట్టే వేగం) నిమిషానికి 32 మి.లీ. దగ్గరే తేలుతుంది. 40 లోపు ఉంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు సోటలాల్ ఇవ్వకూడదు, 40 నుంచి 60 మధ్య ఉంటే రోజుకు ఒక్కసారే. పైగా టోర్సాడ్స్ ముప్పు మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ. చిన్న ఒళ్లు, పెద్ద వయసు ఉన్న అవ్వలకు ఈ మందు రాసేముందు బరువు చూడకపోవడం క్షమించరాని అలసత్వం.

మామూలుగా 80 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలవుతుంది. తొలి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ప్రతి మోతాదు తర్వాత రెండు నుంచి నాలుగు గంటలకు ఈసీజీ తీయాలి. మంచం ఖాళీ లేదని ఇంటికి పంపేస్తే ఆ ఈసీజీ ఎక్కడ, ఏ గంటకు తీయించుకోవాలో అడగాలి. గుండె వేగాన్ని బట్టి సవరించిన క్యూటీ 450 మిల్లీసెకన్లు దాటి ఉంటే మొదలే పెట్టరు. మొదలయ్యాక 500 దాటితే తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఈసీజీ కాగితం మీద చిన్న గడి 40 మిల్లీసెకన్లు కాబట్టి 500 అంటే పన్నెండున్నర గడులు. ఫ్లెకైనైడ్‌కు చూడాల్సింది క్యూఆర్‌ఎస్ వెడల్పు, అంటే విద్యుత్తు గుండె కింది గదులంతా పాకడానికి పట్టే కాలం. మందుకు ముందు 100 ఉన్నది 125 దాటిందంటే, అంటే నాలుగో వంతు పెరిగిందంటే, మోతాదు ఎక్కువైనట్టు.

ఈ పోలికలన్నిటికీ మందు మార్చకముందు తీసిన ఈసీజీ చేతిలో ఉండాలి. ఆ కాగితం వేడికి అచ్చు పడే రకం, కొన్నాళ్లకు వెలిసిపోతుంది. భద్రం కదా అని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. జిరాక్స్ తీయించి, ఫోనులో ఫొటో కూడా ఉంచుకోవాలి.

క్యూటీని సాగదీసే ఇతర మందులు చీటీ లేకుండానే ఇంటికి వచ్చేస్తుంటాయి. గ్యాస్ మాత్రల్లో పాంటోప్రజోల్‌తో కలిసొచ్చే డోంపెరిడోన్, గొంతు నొప్పికి అజిత్రోమైసిన్, మూత్రంలో మంటకు లీవోఫ్లాక్సాసిన్, వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్, ఫంగస్‌కు ఫ్లూకొనజోల్. సోటలాల్, అమియోడరోన్ వాడేవాళ్లు షాపులో అడగాల్సిన మాట, "గుండె లయ మందు వాడతా ఉండాం, డోంపెరిడోన్ లేని గ్యాస్ మాత్ర ఇయ్యండి." ఎండాకాలంలో విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్‌తో పాటు పొటాషియం పరీక్ష కూడా కావాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది గానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లకు అదే ఎక్కువై కూర్చోవచ్చు. పంపరపనస జాతి పండ్లు అమియోడరోన్, డ్రోనెడరోన్ మోతాదును రక్తంలో పెంచుతాయి కాబట్టి మానుకోవాలి.

కొండ, క్యూ, గుండు

మందు మారి కాస్త తేలికపడగానే మొక్కు గుర్తొస్తుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి ఎక్కవద్దని టీటీడీయే చెబుతోంది. లయ మందు వైపు నుంచి ఇంకో కారణం ఉంది. ఫ్లెకైనైడ్ ప్రభావం గుండె వేగంగా కొట్టుకునేకొద్దీ ఎక్కువవుతుంది. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో 110 ఉన్న క్యూఆర్‌ఎస్ మెట్లెక్కేటప్పుడు ఇంకా విచ్చుకుంటుంది. కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన కొన్ని రోజులకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించేది దీన్ని పట్టుకోవడానికే. ఆ పరీక్ష మెట్ల దారిలోని గాలిగోపురం దగ్గర జరగకూడదు. సోటలాల్ దీనికి తలకిందులు. గుండె నెమ్మదించినప్పుడు, రాత్రి నిద్రలో, క్యూటీ ఎక్కువ సాగుతుంది.

బస్సులో వెళ్లినా సర్వదర్శనం క్యూలో గంటలు గడుస్తాయి. సామాన్లు, ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి రెండు పూటల మాత్రలు, పేర్లు రాసిన కాగితం జేబులోనో కొంగునో ఉండాలి. ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు. అమియోడరోన్ వాడేవాళ్ల చర్మం ఎండకు తట్టుకోదు. తలనీలాలు ఇచ్చాక వెంటనే గుండు మీద టోపీయో తువ్వాలో కప్పుకోకపోతే కమిలి బొబ్బలెక్కుతుంది. మందు ఆపిన తర్వాత కూడా నెలల పాటు ఇదే జాగ్రత్త.

స్పృహ తప్పినా, తప్పబోయినట్టు కళ్లు బైర్లు కమ్మినా, తలతిరుగుడుతో నాడి 50 లోపుకు పడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. స్ట్రిప్పులన్నీ, ఆపేసినవాటితో సహా, సంచిలో వేసుకెళ్లాలి.

పెద్ద ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు డాక్టరు చేత నాలుగు సంగతులు రాయించుకుంటే ఊళ్లో డాక్టరు పని సులువవుతుంది: పాత మందు చివరి మోతాదు ఏ తేదీన, కొత్తది ఏ తేదీన ఎంతతో మొదలు, తర్వాతి ఈసీజీ, పొటాషియం, ఐఎన్‌ఆర్ ఎప్పుడు, ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. అమియోడరోన్ ఆపిన తేదీని ఫైలు అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ తర్వాత కొన్ని నెలల్లో హెర్నియాకో కంటి శుక్లానికో ఆపరేషన్ పడితే, మత్తు డాక్టరు "ఇప్పుడు ఏం మందులు వాడతా ఉండావు?" అని అడుగుతాడు. జవాబులో ఆపేసిన ఆ మందు పేరు కూడా చెప్పాలి.